యాభై ఆరు గంటల రోజు

శుక్రవారం పొద్దున లెక్కలమ్మ కంప్యూటరు తెరిచేసరికి గ్రంథాలయం పని పక్కన గీత ఎర్రగా ఉంది. ఎర్రగా ఉండటం కొత్తేం కాదు, రెండు వారాలుగా అది కొద్దికొద్దిగా సాగుతూనే ఉంది. ఆ రోజు మాత్రం గడి దాటి, పక్కనున్న తేదీల మీద పడి, ఇంక సాగడానికి చోటు లేక ఆగిపోయింది. అనుకున్న పనిగంటలకి రెట్టింపు, ఆ పైన ఇంకొంచెం.

లెక్కలమ్మకి అసలు పేరు వేరే ఉంది గానీ ఆ కార్ఖానాలో అది ఎవరికీ అవసరం పడలేదు. కింద పెద్ద షెడ్డులో తలుపులు, అలమరాలు, బల్లలు తయారవుతాయి. గ్రంథాలయం పని అంటే ఎనిమిది అలమరాలు, రెండు చదువుకునే బల్లలు, ఒక తలుపు. పైన అద్దాల గదిలో కూర్చుని ఏ పనికి ఎంత ఖర్చయిందో చూడటం ఆమె ఉద్యోగం. ఓనరు ఆమె నాన్న. పెద్దమేస్త్రి నాన్నకి సొంత అన్న, అంటే ఆమెకి పెదనాన్న. ముప్పై ఎనిమిదేళ్ల కిందట అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల మీద పని మొదలెట్టారు. అన్న చిత్రిక పట్టి నునుపు చేస్తుంటే తమ్ముడు చెక్క కదలకుండా పట్టుకునేవాడు. కొన్నాళ్లకి తమ్ముడికి మాట బాగా తిరుగుతుందనీ, అన్నకి చెయ్యి బాగా తిరుగుతుందనీ తేలిపోయింది. మాట తిరిగినవాడు ఓనరయ్యాడు. చెయ్యి తిరిగినవాడు మేస్త్రిగానే ఉండిపోయాడు, ఉండిపోయినందుకు ఒక్కనాడూ బాధపడలేదు.

పనిగంటలు, కర్ర, మరలు, జిగురు అన్నీ లెక్కగట్టే ఆ సాఫ్ట్‌వేర్‌ని తెచ్చింది లెక్కలమ్మే. పనివాళ్లు దానికి చిత్రగుప్తుడని పేరు పెట్టారు. పాపాలు తప్ప పుణ్యాలు రాయడని వాళ్ల ఫిర్యాదు.

నాన్న గదిలోకి వచ్చి, కూర్చోకుండానే తెర వంక చూశాడు.

"ఇంకా పెరిగిందా?"

"పెరిగింది నాన్నా."

"నేను అనుకుంటూనే ఉన్నా." ఆయన కిటికీలోంచి కిందికి చూశాడు. కింద పెదనాన్న ఒక అలమరా పక్కన నిలబడి, దానితో మాట్లాడుతున్నట్టు తల ఆడిస్తున్నాడు. "సోమవారం పదింటికి కొత్త సూపర్‌వైజరు వస్తాడు. మాట్లాడేశా. ఆదివారం అన్నయ్యకి నేనే చెప్తా. ఇంక చాలు, ఇంటి దగ్గర ఉండు అని."

పెదనాన్న లేని కార్ఖానా లెక్కలమ్మ ఊహకి అందలేదు.

"లెక్కలో ఏదో తప్పుందేమో."

"నువ్వు పెట్టిన లెక్కేగా. తప్పా?"

అన్నదమ్ములిద్దరికీ పని వేగం మీద ఎప్పుడూ పేచీయే. ఆలస్యం అమృతం విషం అని తమ్ముడనేవాడు. నిదానమే ప్రధానం అని అన్న. సామెతలు రెండూ పెద్దలు చెప్పినవే కావడంతో ఎవరూ గెలిచేవారు కాదు, వాదన భోజనాల వేళకి దానంతటదే చల్లారేది. ఈసారి మాత్రం నాన్న సామెత చెప్పలేదు. తెర మీది గీత చూపించి మెట్లు దిగిపోయాడు. అదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆదివారంలోగా తప్పు దొరకాలి. అసలు తప్పంటూ ఉంటే. లేకపోతే పెదనాన్నని ఇంటికి పంపించింది తన చేతి లెక్కే అవుతుంది.

ముందు బిల్లులు తీసింది. కర్ర ధరలు సరిపోయాయి. తలుపు బిజాగరీల బిల్లు ఒకటి రెండుసార్లు ఎక్కింది, తీసేసింది. గీత వెంట్రుక వాసి కూడా కదల్లేదు. పాలిషు డబ్బాలు, గరుకు కాగితం, లారీ అద్దె, అన్నీ ఒక్కొక్కటే వేలు పెట్టి చూసింది. ఆకలేసే వేళకి తెలిసిందేమిటంటే, సామాను ఖర్చులో ఏ దోషమూ లేదు. దోషమంతా గంటల్లోనే ఉంది. అంటే మనుషుల్లో. ఆ మనుషుల మీద మేస్త్రి పెదనాన్న.

భోజనం చేశాక సాఫ్ట్‌వేర్ కంపెనీ సహాయం నంబరుకి ఫోన్ చేసింది. పది నిమిషాలు సంగీతం వినిపించాక ఒకమ్మాయి చాలా మర్యాదగా పలికింది. బ్రౌజరు మూసి తెరవమంది. మూసి తెరిచింది. బయటికి వచ్చి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టమంది. కొట్టింది.

"ఇప్పుడెలా ఉంది మేడమ్?"

"ఎర్రగానే ఉందమ్మా."

"మా వైపు నుంచి అంతా బాగానే కనిపిస్తోంది మేడమ్."

అందరి వైపు నుంచీ అంతా బాగానే ఉంటే ఎరుపు ఎవరి వైపు నుంచి వస్తోందో ఆ అమ్మాయి చెప్పలేదు. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఒక్కటి మాత్రం పనికొచ్చే మాట అంది. "మొత్తం మీద వెతక్కండి మేడమ్. ఒక్క మనిషిని తీసుకుని, ఆయనది ఒక్క రోజు చూడండి."

లెక్కలమ్మ కాళ్లు పీట మీద పెట్టుకుని ఆలోచించింది. ఆ పీట నెల కిందట పెదనాన్న చేసిచ్చాడు, కుర్చీ ఎత్తుకి ఆమె కాళ్లు వేలాడుతున్నాయని. నున్నటి, బరువైన, తలుపులకి వాడే మేలురకం కర్ర. పీటకి ఇంత మంచి కర్రేమిటని అడిగితే, మిగిలిందిలేవే అని వెళ్లిపోయాడు.

ఒక్క మనిషి అంటే ఎవరు? రంపాన్ని తీసుకుంది. రంపం అంటే పనిముట్టు కాదు, మనిషి. కోతమిషను దగ్గర పనిచేస్తాడు గానీ ఆ పేరు కోతకి రాలేదు, గురకకి వచ్చింది. పోయిన వారం బుధవారం అతని గంటలు తెరిచి చూసింది.

యాభై ఆరు.

కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. యాభై ఆరే. కింద ఏడు వరసలు, వరసకి ఎనిమిది గంటలు. ఏడెనిమిదులు యాభై ఆరు. చిన్నప్పుడు ఎక్కాల్లో ఆమెకి ఎంతకీ నోటికి రాని చోటు అదే. ఆ రోజుల్లో ఒక సాయంత్రం పెదనాన్న నేల మీద మేకులు పరిచి, ఏడు వరసలు, వరసకి ఎనిమిది పేర్చి, ఇప్పుడు లెక్కపెట్టుకో, నేనక్కడే ఉంటా అని పక్కన కూర్చున్నాడు. ఆమె మూడుసార్లు లెక్కపెట్టింది. ఆయన మూడుసార్లూ కూర్చున్నాడు.

రంపాన్ని పైకి పిలిపించింది. అతను గుమ్మం దగ్గరే ఆగి, ఒంటి మీది రంపపు పొట్టు దులుపుకున్నాడు.

"పోయిన వారం బుధవారం ఎన్ని గంటలు పనిచేశావు?"

"పొద్దున్నించి సాయంత్రం దాకానమ్మా. మధ్యలో భోజనం."

"యాభై ఆరు గంటలు చేశావని రాసుంది."

రంపం కాసేపు లోపల్లోపల లెక్క వేసుకున్నాడు. "జీతం కూడా యాభై ఆరింటికే ఇస్తారా అమ్మా?"

"ముందు ఇది చెప్పు. ఆ రోజు నీ పేరు మీద ఏడు పనులున్నాయి. ఎనిమిది అలమరాల్లో ఆరు, ఒక తలుపు. వీటిలో ఏం చేశావు?"

"ఎనిమిదో అలమరాకి అరలు కోశా. అంతే. మిగతా ఐదూ ఎప్పుడో అయి... అంటే, చెయ్యడం అయిపోయింది. గోడకి నిలబడి ఊపిరి పీల్చుకుంటున్నాయి. తలుపు గ్రంథాలయానికే వెళ్లిపోయిందిగా."

"మరి అయిపోయాయని ఎందుకు చెప్పలేదు?"

రంపం ఆమె వంక జాలిగా చూశాడు. "అయిందని నేనెట్లా అంటానమ్మా? ఆ మాట పెద్దమేస్త్రి అనాలి. ఈసారి ఒక్కదానికీ ఇంకా అనలేదు."

లెక్కలమ్మ చేతిలోని కలం కింద పెట్టేసింది.

ఆ కార్ఖానాలో పుట్టి పెరిగిన మనిషికి ఆ సంగతి తెలియక కాదు. పెదనాన్నకి ఒక పద్ధతుంది. ఏ వస్తువైనా చివరి మర బిగించాక గోడకి నిలబెట్టేస్తాడు. తొమ్మిది రోజులు దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. కోసినప్పుడు కర్ర చెప్పేది ఒకటి, కుదురుకున్నాక చెప్పేది ఇంకొకటి అంటాడు. పదో రోజు కళ్లు మూసుకుని, అతుకు అతుకుకీ అరచెయ్యి ఆనించి, అప్పుడంటాడు, అయింది అని. అంతవరకూ దాని గురించి ఎవరైనా ఆ మాట అంటే ఊరుకోడు. ఇంట్లో భోజనం అయిందా అని పెద్దమ్మ అడిగినా ఒక క్షణం ఆలోచించి గానీ చెప్పడని నాన్న ఎగతాళి చేసేవాడు.

గ్రంథాలయం తలుపు ఒక్కటే ఆ తొమ్మిది రోజులూ నిలబడలేదు. పుస్తకాలు వచ్చేస్తున్నాయని వాళ్లు తొందరపెడితే నాన్న దాన్ని లారీ ఎక్కించి, దగ్గరుండి బిగించి వచ్చాడు. పెదనాన్న దాని మీద చెయ్యి ఆనించలేదు కనుక అది ఇప్పటికీ కాలేదనే లెక్క.

అదంతా సరే. పని తెరిచి ఉంటే మాత్రం గంటలు ఎవరు వేస్తున్నారు? రంపం వెయ్యలేదు. అసలు కింద ఎవరూ గంటలు వెయ్యరు. రెండు నెలల కిందటి వరకూ ఫోనులో వేయమని వాళ్ల వెంటపడి ఆమె అలిసిపోయింది. ఒకడు ఎనిమిదికి బదులు ఎనభై కొట్టేవాడు. ఇంకొకడు గంటలు అన్నచోట 'చాలా' అని రాసేవాడు.

అమరికల పేజీ తెరిచి కిందికంటా వెళ్లింది. అడుగున ఒక చిన్న గడి, అందులో టిక్కు. పని తెరిచి ఉన్నంతకాలం దాని మీదున్న వారికి రోజుకి ఎనిమిది గంటలు వేయి, అని దాని పక్కన రాసుంది. టిక్కు పెట్టిన తేదీ, గ్రంథాలయం పని మొదలైన వారం. పెట్టినవారు ఎవరు అన్నచోట గుండ్రంగా చిన్న ఫొటో.

ఆమెదే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ శనివారం వాన పడేలా ఉంది, గొడుగు తెచ్చుకోలేదు, గంటల గోల ఒక్క టిక్కుతో వదిలిపోతుందని ఇది పెట్టేసి ఇంటికి వెళ్లిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే శ్రమ కూడా లేకుండా చిత్రగుప్తుడు ఫొటోతో సహా చూపించేస్తున్నాడు. గోడకి నిలబడి ఊపిరి పీల్చుకుంటున్న ప్రతి అలమరాకీ ముగ్గురేసి మనుషులు రోజంతా కష్టపడుతున్నట్టు రెండు నెలలుగా రాస్తూ వచ్చాడు. వాడు రాయమన్నది రాశాడు. రాయమన్నది ఈవిడ.

లెక్కలమ్మకి ముఖం వేడెక్కింది. టిక్కు తీసేసి, సాఫ్ట్‌వేర్ తప్పు చేసింది నాన్నా అంటే సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ మీద నేరం మోపితే లోకంలో ఎవరూ ఎదురు చెప్పరు, సాఫ్ట్‌వేర్ అసలే చెప్పదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకి ఇంకా సిగ్గేసింది. ఆ సాయంత్రం టిక్కు ఒక్కటి తీసేసి ఇంటికి వెళ్లిపోయింది.

శనివారం పొద్దున నేరుగా పెదనాన్న బల్ల దగ్గరికి వెళ్లింది. ఆయన ఉలులన్నీ ఒక గుడ్డ మీద పరిచి, వాటిని రెండు కుప్పలుగా వేరు చేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు పెదనాన్నా?"

"ఇవి రంపానికి. ఇవి పాలిషు వాడికి. వాడికి ఉలి ఎందుకంటావా, ఎప్పటికైనా నేర్చుకుంటాడని ఆశ." ఆయన తలెత్తలేదు. "సోమవారం ఎవరో వస్తున్నారటగా."

గోడలకి చెవులుంటాయంటారు. ఆ కార్ఖానాలో గోడలు కూడా చెక్కవే, ఇంకా బాగా వినిపిస్తుంది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ నాకని చెప్పలేదు, చెవిన పడింది. వారం నుంచి మీ నాన్న నా పక్కనుంచి ఈల వేసుకుంటూ వెళ్తున్నాడు. వాడికి చిన్నప్పట్నుంచీ అంతే, భయమేస్తే ఈల వేస్తాడు." ఒక ఉలిని ఇటు నుంచి అటు మార్చాడు. "వాణ్ని తప్పుపట్టకు. యంత్రానికి నా మీద కోపమా ఏమన్నానా? చెయ్యి మందగించింది, అది పట్టుకుంది. రెట్టింపు గంటలంటే మాటలు కాదు. ఇరవయ్యేళ్ల కిందటైతే ఈ పని నెలన్నరలో దాటించేవాణ్ని. నేనే గమనించుకోవాల్సింది."

చేతిలో ఉలి ఉన్న మనిషి, ఎనిమిది అలమరాలు ఒక్క అతుకు బెసక్కుండా చేసిన మనిషి, ఆమె పెట్టిన ఒక టిక్కుని నమ్మి, తన చేతిని నమ్మడం మానేశాడు.

"చెయ్యి మందగించలేదు పెదనాన్నా. తప్పు నాది."

నిలబడే అంతా చెప్పేసింది. టిక్కు, తెరిచి ఉన్న పనులు, గోడకి నిలబడ్డ అలమరాలు, రంపం యాభై ఆరు గంటలు. పెదనాన్న మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక గోడ వంక చూశాడు. అక్కడ అలమరాలు వరసగా నిలబడి ఉన్నాయి.

"అంటే అవి ఊపిరి పీల్చుకున్నందుకు కూడా జీతం వేశావన్నమాట."

"అవును."

ఆయన నవ్వడం మొదలెట్టాడు. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం కదులుతాయి. నవ్వుతూనే బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. ఆమెకి ఏడుపు రావడానికి అదే చాలింది.

"ఏడవకు. రాసుకో. దేనికి ఎన్ని రోజులు పట్టిందో నేను చెప్తా, నీ యంత్రంలో అదెయ్యి."

ఇద్దరూ ఒక్కొక్క వస్తువు దగ్గరికీ వెళ్లారు. ఆయన కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనించడం, అయింది అనడం, తర్వాత రోజులు చెప్పడం. మొదటి అలమరా ఐదు రోజులు. రెండోది నాలుగున్నర, ఆ పూట కరెంటు లేదు. ఏ రోజు ఎవరు రాలేదో, ఏ చెక్క ముడి వచ్చి పక్కన పడేశారో, అన్నీ నోటి మీదున్నాయి. ఎనిమిదో అలమరాకి మాత్రం ఇంకా నాలుగు రోజులు ఆగాలన్నాడు. ఆమె వాదించలేదు. టిక్కు ఎప్పుడో తీసేసింది కనుక అది హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు. చదువుకునే బల్లలు రెండూ అయ్యాయి. ఫోనులో గీత పొట్టిదవుతూ వచ్చింది. ఎరుపు వదిలి పసుపుకి వచ్చింది, పసుపు కూడా సన్నబడింది. అన్నీ కలిపితే అనుకున్నదానికన్నా ఆరు రోజులు ముందే ఉన్నారు.

"ఇంక తలుపు," అంది లెక్కలమ్మ. "అనుకున్నది ఆరు రోజులు. ఎన్ని పట్టింది?"

పెదనాన్న పాలిషు గుడ్డ తీసి, మరకే లేని బల్లని తుడిచాడు.

"పదిహేను."

"పదిహేనా? యంత్రం లెక్క కాదు పెదనాన్నా, నిజంగా పట్టినవి."

"నిజంగానే పదిహేను." గుడ్డ మడత పెట్టాడు. "రెండుసార్లు చట్రం పాడుచేశా. పెన్సిలు గీత రెండుగా కనిపిస్తోంది. ఏ గీత మీద కొయ్యాలో తెలియక మధ్యలో కోశా. అతుకుల దాకా ఫరవాలేదు, చెయ్యి చెప్తుంది. గీత మాత్రం చెయ్యి చెప్పదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఐదారు నెలలు."

"ఎవరికీ చెప్పలేదా? పెద్దమ్మకి?"

"మీ పెద్దమ్మకి చెప్తే ఊరికంతటికీ చెప్పినట్టే."

ఆమెకి ఉన్నట్టుండి పైన తన కుర్చీ కింద ఉన్న పీట గుర్తొచ్చింది. జిగురు పొయ్యి దగ్గర రంపం కూర్చునే పీట కూడా ఆ కర్రే.

"ఆ పీటలు..."

"పారెయ్యలేకపోయా," అన్నాడు పెదనాన్న.

అవతల రంపం మిషను ఆపి టీకి వెళ్లాడు. లెక్కలమ్మ మెల్లగా అంది, "తలుపుకి ఏడు రోజులు అని వేస్తా. మొత్తం లెక్క అనుకున్నదానిలోపే ఉంటుంది. ఎవరికీ తెలియదు."

"పదిహేను వెయ్యి."

"అది చూస్తే నాన్న మళ్లీ..."

"చూడనీ. నిన్నటిదాకా యంత్రం అబద్ధం చెప్పింది, ఎందుకు చెప్పిందో తెలియక. నువ్వు తెలిసి చెప్తావా?" ఆయన గొంతు పెంచలేదు. "ఏడెనిమిదులు ఎంతో నీకు నేర్పింది ఇందుకు కాదే."

ఆమె పదిహేను వేసింది. పచ్చటి వరసల మధ్య తలుపు గీత ఒక్కటే ఎర్రగా నిలబడింది. అన్నీ కలిపితే మూడు రోజులు ఎక్కువ.

నాన్న పైన గదిలో ఒక్కడే ఉన్నాడు. లెక్కలమ్మ ముందు తన టిక్కు సంగతి చెప్పింది, కుర్చీలో కూర్చోకుండా, చేతులు కట్టుకుని. తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు. తెర మీద ఆ ఒక్క ఎర్ర గీతే చూస్తూ ఉండిపోయాడు.

"పదిహేనని అన్నయ్యే చెప్పాడా?"

"తనే వెయ్యమన్నాడు. చూపు సరిగా లేదంట నాన్నా. ఐదారు నెలల నుంచి."

"నాకు తెలుసు."

ఆమె ఆయన వంక చూసింది.

"తలుపు బిగించడానికి వెళ్లినప్పుడే తెలిసింది," అన్నాడు నాన్న. "అడుగున అంచు వంకర. అన్నయ్య చేతిలో వంకర! కుర్రాళ్లని టీ తాగి రమ్మని పంపించేసి, నేనే చిత్రిక పట్టి సరిచేశా. పదేళ్లయింది చిత్రిక పట్టుకుని. ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నయ్య దగ్గరికి వెళ్లానో. నీకు కనబడటం లేదురా అన్నయ్యా అని ఎట్లా అనను? నాకు పని నేర్పినవాడితో? ఇంతలో నీ గీత ఎర్రబడింది. గంటలు ఎక్కువయ్యాయి అని చెప్పడం తేలిక. అది నా మాట కాదుగా, యంత్రం మాట."

"అది నా తప్పు లెక్క నాన్నా."

"నీది తప్పు లెక్క. నాది సాకు. ఏది పెద్దదో నువ్వే చూసుకో."

లెక్కలమ్మకి కోపం వచ్చింది. రెండు రోజులుగా తన మీద తనకున్న కోపం అంతా ఒక్కసారి తోవ దొరికినట్టయింది. "ఆయన కింద ఉలులు పంచిపెడుతున్నాడు. చెయ్యి మందగించిందని నమ్మేశాడు. నువ్వు వెళ్లి చెప్పు. ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే."

నాన్న లేచాడు. మెట్లు దిగుతూ ఈల వెయ్యబోయి, మానేశాడు. ఆమె వెనకే వెళ్లి మెట్ల మలుపులో ఆగింది.

జిగురు పొయ్యి దగ్గరున్న పీట లాక్కుని అన్న ఎదురుగా కూర్చున్నాడు నాన్న. చాలాసేపు ఆ పీట అంచు తడుముతూ ఉన్నాడు. తర్వాత అన్నాడు, "అన్నయ్యా, నీకు కళ్లు సరిగ్గా కనబడటం లేదు."

"అవును," అన్నాడు పెదనాన్న.

"నాకు ముందే తెలుసు. చెప్పడానికి భయమేసింది."

పెదనాన్న ఒక ఉలి తీసి, దాని పదును బొటనవేలితో చూశాడు. "ఆ మాట రెండు నెలల ముందు నేనే అనుంటే, రెండు పీటలు తక్కువయ్యేవి."

నాన్న నవ్వలేకపోయాడు. ముందుకి వంగి, గుడ్డ మీద రెండు కుప్పలుగా ఉన్న ఉలుల్ని ఒకటిగా కలిపేశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, అక్కడే కూర్చుని, సోమవారం రావాల్సిన మనిషికి రావద్దని చెప్పాడు. అవతలివాడు కారణం అడిగినట్టున్నాడు. "లెక్క తప్పింది," అన్నాడు నాన్న. "మాదే."

సోమవారం పదింటికి అన్నదమ్ములిద్దరూ కంటి డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. బెంచీ అతుకులు ఎవరో నిర్లక్ష్యంగా చేశారని పెదనాన్న వేలితో చూసి చెప్పాడు. శుక్లాలన్నారు, రెండు కళ్లకీ. ఒకటి ఆ నెలలో, రెండోది తర్వాతి నెలలో తీశారు. రెండో కంటికి కట్టు విప్పుతూ, అంతా అయిపోయినట్టే అన్నాడు డాక్టరు.

"అప్పుడే ఆ మాట అనకండి," అన్నాడు పెదనాన్న. "తొమ్మిది రోజులు చూద్దాం."

చూశారు. పదో రోజు ముగ్గురూ కలిసి గ్రంథాలయానికి వెళ్లారు. పొద్దున పూట, లోపల నలుగురైదుగురు చదువుకుంటున్నారు. ఎనిమిది అలమరాలూ పుస్తకాలతో నిండి ఉన్నాయి. పెదనాన్న వాటి వైపు చూడలేదు. తలుపు ముందు నిలబడ్డాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. పైనుంచి కిందికి చూస్తూ, ఒక్కొక్క అతుకుకీ చెయ్యి ఆనిస్తూ, చివరికి మోకాళ్ల మీద కూర్చున్నాడు. అడుగు అంచు దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

"ఇక్కడ ఎవరో చిత్రిక పట్టారు."

నాన్న పైకప్పులో ఏదో చూస్తున్నాడు.

"మూడోసారి కూడా వంకరే వచ్చిందన్నమాట," అన్నాడు పెదనాన్న.

"కొద్దిగా."

"మరి ఆ రోజు చెప్పలేదే?"

"కళ్ల సంగతి చెప్పడానికే నా పనైపోయింది అన్నయ్యా. ఇది కూడానా?"

పెదనాన్న ఆ అంచు మీద వేలు మళ్లీ ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిపించాడు. మోకాలి మీద చెయ్యి వేసుకుని లేవబోతే తమ్ముడు రెక్క పట్టుకున్నాడు.

"బాగా పట్టావురా," అన్నాడు పెదనాన్న.

ముప్పై ఎనిమిదేళ్లలో నాన్న ఆ మాట అన్న నోట వినడం అదే మొదలు. యాభై తొమ్మిదేళ్ల మనిషి, రుమాలు కోసం రెండు జేబులూ వెతుక్కుని, దొరక్క చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. చదువుకుంటున్న వాళ్లలో ఒకాయన తలెత్తి చూసి మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయాడు.

పెదనాన్న తలుపు మీద అరచెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచాడు.

"అయింది," అన్నాడు.

లెక్కలమ్మ ఫోన్ తీసి, తెరిచి ఉన్న ఆ ఒక్క పనికీ అయిందని టిక్కు పెట్టింది.